అన్నిటికంటే కింది ర్యాంకు

మా ఊరి పోలీస్ స్టేషన్‌లో అందరికంటే పైన చీఫ్. ఆయన కింద ఒక లెఫ్టినెంట్, లెఫ్టినెంట్ కింద ముగ్గురు సార్జెంట్లు, వాళ్ళ కింద గుప్పెడు మంది ఆఫీసర్లు, ఆ తరవాత ఫోన్లెత్తే ఆవిడ, ఆ తరవాత పార్కింగ్ టికెట్లు రాసే ఆవిడ. ఆవిడకి తిరగడానికి మూడు చక్రాల బండి కూడా ఇచ్చారు. అందరి కిందా నేను. నా కింద స్టేషన్ ముందున్న జెండా కర్ర ఒక్కటే ఉండేది గానీ, దానికి పొద్దున్నే సెల్యూట్ కొట్టేవాళ్ళు. నాకు అదీ లేదు.

నా ఉద్యోగం స్కూలు పిల్లల్ని రోడ్డు దాటించడం. నారింజ రంగు చేతుల్లేని కోటు, పోలీసు బిళ్ళ కుట్టిన టోపీ, మెడలో ఈల, చేతిలో కర్రకి బిగించిన ఎర్ర పలక. పలక మీద స్టాప్ అని తెల్లటి అక్షరాలు. పొద్దున నలభై నిమిషాలు, మధ్యాహ్నం నలభై నిమిషాలు. ఎనభైల మొదట్లో సంగతి. సియాటిల్‌కి కొంచెం ఉత్తరాన, ఏడాదిలో తొమ్మిది నెలలు ఆకాశం చెమ్మగిల్లి ఉండే ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన విమానాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. మా అమ్మాయి రెండో తరగతి. నాకు ఇంట్లో కూర్చుని కూర్చుని పిచ్చెక్కుతోంది. అంతకుముందు ఆ పలక పట్టుకున్న ముసలావిడకి మోకాళ్ళు పోయాయని తెలిసి, మర్నాడే వెళ్ళి దరఖాస్తు పెట్టాను.

"బీఎస్సీ చదివి కర్ర పట్టుకుంటావా?" అన్నారు మా ఆయన.

"పోలీసు డిపార్ట్‌మెంట్ అండీ. మాటలు జాగ్రత్త" అన్నాను.

ఆదివారాలు నాలుగైదు తెలుగు కుటుంబాలం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థనకి చేరేవాళ్ళం. అందరిదీ గుంటూరు, కృష్ణా వైపే. ఆ వారం కీర్తనలయ్యాక, భోజనాల దగ్గర, పోలీసు డిపార్ట్‌మెంట్‌లో చేరానని మెల్లిగా వదిలాను. ఆడవాళ్ళంతా కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. ఒక డాక్టరుగారైతే లేచి తన ప్లేట్లోని చికెన్ ముక్క నాకు వెయ్యబోయాడు. ఆ వైభవం పదిహేను రోజులు నడిచింది. తరవాత ఒక పొద్దున ఆ డాక్టరుగారి భార్య కారే నా పలక ముందు ఆగింది. అద్దం దించి, "అయ్యో, ఇదా నీ పోలీసు జాబ్!" అంది.

"కొంచెం రివర్స్ చెయ్యండి ఆంటీ, టైరు గీత మీదుంది" అన్నాను.

ఆవిడ వెనక్కి తీసింది. కాబట్టి నాకు ఆపడం చేతకాదని ఎవరూ అనుకోకండి. డాక్టర్ల భార్యల్ని, పాల వ్యాన్లని, దుంగలు మోసే లారీల్ని, చర్చి పాస్టరుగారిని కూడా ఆపాను. నా రోగం వేరే చోట ఉంది. అది చెప్పాలంటే మా నాన్న దగ్గరికి వెళ్ళాలి.

మా నాన్న హెడ్ కానిస్టేబుల్. చేతి మీద మూడు చారలు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా బడి బజారు రోడ్డు మీద ఉండేది. బడి వదిలే వేళకి లారీలాపి పిల్లల్ని దాటించమని ఎస్సై నాన్నకి నోటి మాటగా ఆర్డరు వేశాడు. నాన్న రోజూ వచ్చి రోడ్డు మధ్యలో నిలబడి ఎడం చెయ్యి పైకెత్తేవాడు. ఎడ్లబండి దగ్గర్నుంచి ఎర్రబస్సు దాకా అన్నీ ఆగేవి. ఒకరోజు పెద్ద ఆఫీసరుగారి జీపు వచ్చింది. పిల్లలం సగం రోడ్డులో ఉన్నాం, నేను కూడా ఉన్నాను. డ్రైవరు హారన్ కొట్టాడు. నాన్న ఎడం చెయ్యి దించలేదు. దించకుండానే, మర్యాద తప్పకూడదని, కుడి చేత్తో సెల్యూట్ కొట్టాడు. మేమంతా దాటిందాకా జీపు ఆగే ఉంది, నాన్న రెండు చేతులూ పైనే ఉన్నాయి.

వారంలో తాఖీదు వచ్చింది. ఎవరు ఆపమన్నారని అడిగితే, తానలాంటి ఆర్డరేదీ ఇవ్వలేదని ఎస్సై రాసిచ్చేశాడు. నాన్న ఎదురు చెప్పలేదు. రోజుకొక్క బస్సు వచ్చే అడవి వైపు స్టేషన్‌కి తోసేశారు. ప్రమోషన్ లిస్టులోంచి పేరు పోయింది. ఆ మూడు చారలతోనే రిటైరయ్యాడు, ఆ మూడు చారల చొక్కా పెట్టెలో ఉండగానే పోయాడు. ఆ ఎస్సై సీఐ అయ్యాడు.

మా అమ్మ మాత్రం ఊరుకోలేదు. నాన్న అన్నానికి కూర్చున్నప్పుడల్లా, "ఆ చెయ్యి దించితే ఏం పోయేది?" అనేది. ఆయన పోయాక ఆయన ఫొటోని అడిగేది. నాకేమో అక్షరాలతో పాటే ఇంకో పాఠం నేర్పింది: "జీపు కనపడితే పక్కకి తప్పుకో. వంగి దణ్ణం పెట్టు." ఆ పాఠం నా ఒంట్లోకి దిగిపోయింది. అది సియాటిల్ దాకా నాతో వస్తుందని నేను అనుకోలేదు.

నాకు ట్రైనింగ్ ఇచ్చిన సార్జెంట్ లావుగా ఉండేవాడు. ఎప్పుడూ పళ్ళమధ్య ఒక పుల్ల. ట్రాఫిక్, సైకిళ్ళు, స్కూళ్ళు, తప్పిపోయిన కుక్కలు, నేను, అన్నీ ఆయన కింద. ఆ వేసవిలో లెఫ్టినెంట్ దిగిపోతున్నాడు, ఆ కుర్చీ ఈయనకే అని స్టేషన్‌లో అందరూ అనేవాళ్ళు. మొదటి రోజు నన్ను రోడ్డు మధ్యకి తీసుకెళ్ళి, బూటు కొసతో తెల్ల గీతల్ని చూపించాడు.

"ఈ గీతల మధ్య, ఆ నలభై నిమిషాలూ, మీ పైన ఎవరూ లేరు మేడమ్. నేను వచ్చినా ఆపాలి. మేయర్ వచ్చినా ఆపాలి. చీఫ్ వచ్చినా ఆపాలి. అర్థమైందా?"

"అర్థమైంది సర్."

"ఇంకోసారి చెప్తున్నా. చీఫ్ వచ్చినా."

"ఎస్ సర్" అన్నాను. అన్నది నోరు. వెన్నెముకకి ఆ కబురు అందలేదు.

అప్పటికే అమ్మ ఆర్నెల్లు ఉండడానికి వచ్చింది. చీర మీద మా ఆయన జాకెట్, కాళ్ళకి నా కాన్వాసు బూట్లు వేసుకుని, గొడుగు పట్టుకుని రోజూ నా డ్యూటీ చూడ్డానికి మూల మీదికొచ్చేది. మొదటిసారి సార్జెంట్‌ని చూడగానే నా మోచెయ్యి గిల్లింది.

"ఏందే, ఈయనకీ మూడు చారలే? మీ నాన్నకీ అన్నే గదే!"

ఆ రోజు నుంచి ఆయనకి ఫ్లాస్కులో అల్లం టీ మొదలైంది. అమ్మ వేసే అల్లానికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేవి, అయినా ఒక్కరోజు వద్దనలేదు.

ఇక ఆ గురువారం. వాన మామూలుగానే పడుతోంది. జలుబు చేసి అమ్మ ఇంట్లో ఉండిపోయింది. ఎడం చేత్తో పలక ఎత్తి రోడ్డు మధ్యలో నిలబడ్డాను. పిల్లలు దాటేశారు. చివర్న ఒక ఒకటో తరగతి పిల్ల, పసుప్పచ్చ రెయిన్‌కోటు, నా వెనకాల దాకా వచ్చి ఆగింది. లంచ్ డబ్బా మూత ఊడితే వంగి పెట్టుకుంటోంది. అప్పుడే మలుపు తిరిగి చీఫ్ నల్ల కారు వచ్చింది.

నా వెన్ను దానంతటదే నిటారైంది. ఎడం చేతిలోని పలక కిందికి దిగిపోయింది, దిగడమే కాకుండా దయచెయ్యండి దొరా అన్నట్టు పక్కకి దారి చూపించింది. కుడి చెయ్యి టోపీ దగ్గరికి వెళ్ళిపోయింది. ఇదంతా నేను చేశానంటే నాకే నమ్మకం లేదు, కానీ అక్కడ ఇంకెవరూ లేరు. దారి చూపించింది కదాని చీఫ్ వచ్చాడు. నా కోటు వెనక వంగి ఉన్న పిల్ల ఆయనకి కనపడలేదు. చివరి క్షణంలో పసుప్పచ్చగా ఏదో కదలడం చూసి బ్రేకు తొక్కాడు.

కారు పిల్లకి జానెడు దూరంలో ఆగింది. పిల్ల చేతిలోంచి జారిన లంచ్ డబ్బా మాత్రం దొర్లి చక్రం కింద పడి అప్పడమైంది. రొట్టె, జామ్, వాన నీళ్ళు. పిల్ల డబ్బాని చూసి, నన్ను చూసి, ఏడుపు లంకించుకుంది. చీఫ్ కారు దిగి పిల్లని ఎత్తుకున్నాడు. నేనేం చేస్తున్నానో తెలుసా? ఇంకా సెల్యూట్ కొడుతూనే ఉన్నాను.

ఇంటికెళ్ళి బాత్రూమ్ తలుపేసుకుని, తడిసిన కోటుతోనే కూర్చున్నాను. ఆ పిల్ల మా అమ్మాయి కంటే ఏడాది చిన్నది. సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అమ్మకి జరిగింది చెప్తే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ప్రభువా, బిడ్డని కాపాడావు" అంది.

మధ్యాహ్నం సార్జెంట్ వచ్చి మా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. పుల్ల నోట్లో లేదు. స్టేషన్‌లో ఏం జరిగినా అందరూ రిపోర్ట్ రాయాలి. నేను కూడా రేపటిలోగా రాసివ్వాలట.

"ఇలా రాయండి మేడమ్. చీఫ్ కారు వస్తే ఏం చెయ్యాలో నాకు సార్జెంట్ చెప్పలేదు. అంతే. ఒక్క లైను."

"మీరు చెప్పారు కదా సర్. రెండుసార్లు."

"నేను చెప్పినా మీరు చెయ్యలేదంటే మీ జాబ్ పోతుంది. నేనే చెప్పలేదంటే తప్పు నాది. మీ తలకి ఎక్కిందో లేదో చూసుకోవడం నా డ్యూటీ. ఇవి ఊరికే కుట్టలేదు" అని తన చారల మీద తట్టాడు.

"మరి మీ లెఫ్టినెంట్ పోస్టు?"

ఆయన ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని, కళ్ళు తుడుచుకుని, "ఇందులో ఏం వేస్తుందండీ మీ అమ్మగారు?" అన్నాడు.

ఆయన వెళ్ళాక నేను కాగితం తీశాను. ఉద్యోగం పోతుందంటే నాకు నిజంగా భయం వేసింది. నవ్వుకోకండి, ఆ కర్ర పట్టుకున్నాకే ఆ ఊళ్ళో నలుగురు నన్ను చూసి చెయ్యూపడం మొదలుపెట్టారు. మా ఆయన కూడా, "ఆయనే చెప్తున్నాడుగా, రాసెయ్యి" అన్నారు. రాసేశాను. చీఫ్ కారు వస్తే ఏం చెయ్యాలో నాకు సార్జెంట్ చెప్పలేదు.

అమ్మ బియ్యం ఏరుతోంది. "ఏం రాశావే? చదువు" అంది.

తెలుగులో చెప్పాను. అమ్మ చేటని పక్కన పెట్టింది.

"ఆ ఎస్సై కూడా ఒక్క లైనే రాశాడు" అంది.

"అమ్మా, ఇది వేరే. ఈయనే రాయమన్నాడు."

"మీ నాన్న కూడా రాయమన్నాడే. పిల్లలు గలవారు, నా మీదికి నెట్టెయ్యండి సారూ అన్నాడు. ఆ మహానుభావుడు నెట్టేశాడు." ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. అమ్మ కాగితం వైపు వేలు చూపించింది. "ఆ లైను రాయటానికి వాడికెంతసేపు పట్టిందా అని ఇన్నేళ్ళు అనుకున్నా. ఇప్పుడు చూశాను. నా కూతురు టీ చల్లారే లోపల రాసేసింది."

లేచి లోపలికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. అక్కడ తప్పు మెట్లు దిగుతూ దిగుతూ వచ్చి మా నాన్న దగ్గర ఆగింది. ఇక్కడ అదే తప్పు పైమెట్టు ఎక్కుతానంటే నేను దారి చూపిస్తున్నాను, పొద్దున చీఫ్ కారుకి చూపించినట్టే. కాగితం చింపేశాను. మళ్ళీ మొదట్నుంచి రాశాను, బజారు రోడ్డు, జీపు, నాన్న రెండు చేతులు, అడవి స్టేషన్, జీపు కనపడితే తప్పుకోమన్న పాఠం, సార్జెంట్ రెండుసార్లు చెప్పిన మాట, నేను ఎస్ సర్ అన్న మాట. నాలుగు పేజీలైంది. మా ఆయన టైపు చేస్తూ, "రిపోర్టా, సీరియలా?" అన్నారు గానీ, ఒక్క వాక్యం తియ్యలేదు.

సోమవారం చీఫ్ గదిలో నన్నూ సార్జెంట్‌నీ నిలబెట్టి, ఆయన ఆ నాలుగు పేజీలూ మా ఎదురుగానే చదివాడు. పొడుగాటి మనిషి, గొంతు పెద్దగా వాడడు.

"మొదటి మూడు పేజీలూ ఇండియాలోనే ఉన్నాయి" అన్నాడు.

"అవును సర్. కారణం అక్కడుంది."

"ఒక చేత్తో ఆపి, ఇంకో చేత్తో సెల్యూట్ కొట్టారా మీ నాన్నగారు?"

"కొట్టారు సర్."

ఆయన ఇంకో కాగితం తీశాడు. "సార్జెంట్, మీరేమో చెప్పలేదని రాశారు. ఈవిడేమో రెండుసార్లు చెప్పారని రాసింది. ఇద్దరిలో ఒకరు నాకు అబద్ధం రాసిచ్చారు."

సార్జెంట్ పైకప్పు చూశాడు. నేను నేల చూశాను.

"దారి చూపించడం మీ తప్పు" అన్నాడు చీఫ్ నాతో. "చూపించగానే రావడం నా తప్పు. పలక ఎత్తినచోట పూర్తిగా ఆగి, రోడ్డు ఖాళీ అయిందని నేనే చూసుకోవాలి. ఊళ్ళో అందరికీ ఆ ముక్క చెప్పేది నేనే." శుక్రవారమే కుర్ర ఆఫీసరొకణ్ణి పిలిచి తన మీద తనే టికెట్ రాయించుకున్నానని కూడా చెప్పాడు. పాపం, ఆ అబ్బాయి రెండు టికెట్లు చెడగొట్టి మూడోది రాశాడని తరవాత విన్నాను. ఎస్సైలు, సీఐలు, పెద్ద ఆఫీసర్లు నా కళ్ళముందు వరసగా కదిలారు. వాళ్ళలో ఒక్కడు కూడా పెన్ను ఇలా తన వైపు తిప్పి పట్టుకోవడం నేను ఊహించలేకపోయాను. అక్కడే ఏడ్చేస్తానేమోనని పెదవి కొరుక్కున్నాను.

చివరికి తీర్పు. నాకు వారం రోజులు డ్యూటీ లేదు. ఆ శనివారం సార్జెంట్ నాకు మళ్ళీ ట్రైనింగ్ ఇవ్వాలి. ఆ తరవాత నా చెయ్యి ఇంకొక్కసారి దిగితే నేను ఇంటికి, సార్జెంట్ లెఫ్టినెంట్ కుర్చీ ఇంకొకరికి.

శనివారం వానలో, ఖాళీ రోడ్డు మీద, సార్జెంట్ తన కారుని ఇరవైసార్లు నా మీదికి తోలాడు. ఒకసారి పాలవాణ్ణని అరుస్తూ, ఒకసారి మేయర్‌నని అరుస్తూ, ఒకసారి గవర్నర్‌నని అరుస్తూ వచ్చాడు. అందర్నీ ఆపాను. చివర్న ఎక్కణ్ణుంచో చీఫ్ పాత టోపీ ఒకటి తెచ్చి పెట్టుకొచ్చాడు. టోపీ కింద ఉన్నది ఈయనేనని తెలిసి కూడా నా కుడి చెయ్యి లేచింది.

"పలక ఆ చేతిలోకి మార్చండి" అన్నాడు కారు దిగి. "సెల్యూట్ కొట్టే చెయ్యి ఖాళీగా ఉంటేనే కదా మీకు కష్టం."

మళ్ళీ డ్యూటీ మొదలైన సోమవారం అమ్మ కూడా వచ్చింది. వద్దంటే వినలేదు. జాకెట్, బూట్లు, గొడుగు, మూల మీద తన చోటు. అవతలి వైపు సార్జెంట్ కారు ఆపుకుని, చూడనట్టు పేపరు చదువుతున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది.

పిల్లలు దాటుతున్నారు. ఆఖరికి పసుప్పచ్చ రెయిన్‌కోటు. చేతిలో కొత్త లంచ్ డబ్బా, దాన్ని పిల్లికూనని పట్టుకున్నట్టు రెండు చేతుల్తో గుండెకి హత్తుకుంది. సగం రోడ్డుకొచ్చి ఒక నీటి గుంట దగ్గర ఆగిపోయింది. అందులో వానపాము ఉంది కాబోలు, వంగి దానితో ఏదో మాట్లాడుతోంది. మలుపు తిరిగి నల్ల కారు వచ్చింది.

వెన్ను మళ్ళీ నిటారైంది. అది నా చేతిలో లేదు. కుడి చెయ్యి టోపీ వైపు లాగింది, కానీ దాంట్లో పలక ఉంది. పలక ఎత్తే ఉంచాను. కారు గీతకి అల్లంత దూరంలో ఆగింది. చీఫ్ వెనక ఇంకో కారు ఆగింది, దాని వెనక లారీ ఆగింది. లారీవాడు హారన్ కొట్టాడు. ఆ హారన్ నాకు తెలుసు. ఎనిమిదేళ్ళప్పుడు రోడ్డు మధ్యలో నిలబడి విన్నదే. భుజం లాగేస్తోంది, పలక మీంచి నీళ్ళు మోచేతిలోకి కారుతున్నాయి, వానపాముతో కబుర్లు ఎంతకీ తెగట్లేదు. చెయ్యి దించలేదు. పిల్ల అవతలి గట్టెక్కింది. నిజం చెప్పాలంటే, అవసరం లేకపోయినా, ఇంకో పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు దించాను.

నా పక్కనుంచి వెళ్తూ చీఫ్ స్టీరింగు మీంచి రెండు వేళ్ళు తీసి టోపీకి ఆనించాడు. అవతల సార్జెంట్ పేపరు తిన్నగా తిప్పుకున్నాడు.

నేను అమ్మ వైపు తిరిగాను. గొడుగు పక్కకి ఒరిగిపోయి వానంతా ఆవిడ మీదే పడుతోంది. అమ్మ ఏడుస్తోంది. నాన్న పోయిననాడు కూడా అమ్మ అలా ఏడవడం నేను చూడలేదు. దగ్గరికెళితే కొంగుతో మొహం తుడుచుకుని, నన్ను కిందనుంచి పైదాకా చూసి, మొహం చిట్లించింది.

"ఏందే ఆ చెయ్యి, భుజం కూడా దాటట్లా?" అంది. "మీ నాన్న ఇంకా పైకెత్తేవాడు."